సొమ్ము ఎవరిది?

తెలుగున ‘సొమ్ము’ అను మాటకు రెండర్థములు గలవు. ఒంటిపై ధరించు నగయు సొమ్మే. ఒకరికి చెందిన ఆస్తియు సొమ్మే. “ఇది నా సొమ్ము” అని ఒక స్త్రీ పలికినపుడు ఆ రెండర్థములును ఒక్కచోట కలియును. అది ఆమె పెట్టుకొను నగయని అందరును ఒప్పుకొందురు. అది ఆమె ఆస్తి యని ఒప్పించుటకు మాత్రము ఒక్కొక్కప్పుడు ఆమె న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చుచున్నది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు పసిడి వ్యాపారమునకు పేరెన్నికగన్న పట్టణము. దానిని పసిడిపురి యనువారు గలరు, చిన్న బొంబాయి యనువారు గలరు. పెండ్లి ముహూర్తములు దగ్గరపడగానే చుట్టుపట్ల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే అచ్చటి అంగళ్లకు వచ్చును. పెండ్లికూతురి తల్లి తన పాత కాసులపేరును చెంగున ముడివేసి తెచ్చి, దానిని కరగించి కూతురికి క్రొత్త హారము చేయింపజూచును. తండ్రి శనగలమ్మిన రూకలును, పత్తి యమ్మిన రూకలును ఒకటికి రెండుమార్లు లెక్కించి, చాలనిదానికి అప్పుచేసి, తులమునకు తులము కూర్చును. ఆ దినమున అంగడివాని త్రాసులో తూగునది వట్టి బంగారము కాదు. మెట్టపొలముపై ఒక కుటుంబము ఏండ్ల తరబడి చేసిన కష్టము.

పెండ్లినాడు పందిట్లో ఒక మూల చిన్న బల్ల వేయుదురు. దానివెనుక చేతివ్రాత చక్కగానున్న ఒకడు నోటుపుస్తకము తెరచి కూర్చుండును. చుట్టమొకడు నూటపదహార్లిచ్చును, ఇంకొకడు ఐదువందల పదహార్లిచ్చును, వేరొకడు ఇత్తడిబిందె తెచ్చును. ఇచ్చినవారి పేరు, ఊరు, ఇచ్చిన వస్తువు పుస్తకమున కెక్కును. పదిమందికి వినబడునట్లు చదువబడును. అందుచేతనే ఆ కానుకలకు చదివింపులని పేరు. పెండ్లియైన పిమ్మట ఆ పుస్తకమును పారవేయరు. పెట్టెలో పట్టుచీరల క్రింద దాచుదురు. నాలుగేండ్లకు ఆ చుట్టము ఇంట పెండ్లి తటస్థించినపుడు దానిని తీసి చూచి, అతడిచ్చినదానికి తక్కువ గాకుండ చదివింతురు. పుచ్చుకొన్నది మరల ఈయవలసినదను నీతియు, జ్ఞాపకముకంటె వ్రాత గట్టిదను తెలివియు పల్లెవారికి ఒకరు నేర్పవలసినవి కావు.

విచిత్రమేమనగా, నూటపదహార్లకు లెక్క చూపు ఆ పుస్తకమున ఇరువది తులముల బంగారమునకు లెక్క ఉండదు. తమ పిల్లకు తాము పెట్టినదానిని వ్రాయించుట చిన్నతనమని తల్లిదండ్రులు తలతురు. “కాపురము మొదలుగాక మునుపే విడిపోవుటకు లెక్కలు కట్టుచున్నారా?” అని వియ్యాలవారు నొచ్చుకొందురేమో యని జంకుదురు. శుభకార్యమున అపశకునపు మాట ఏలయని పెద్దలు వారింతురు. ఈ మొగమాటమునుండియే పిమ్మటి వ్యాజ్యములలో సగము పుట్టుచున్నది.

మెట్టపొలములో పసిడి

కర్నూలు, కడప ప్రాంతములలో ఏడాదికి కురియు వాన సగటున 700 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియు అదనున కురియునను నమ్మకము లేదు. తుంగభద్రనుండి సుంకేసుల యొద్ద బయలుదేరి కర్నూలు మీదుగా కడప దిక్కునకు పారు కె.సి. కాలువ క్రింది ఊళ్ల మాట వేరు. తక్కిన ఊళ్లలో చినుకును నమ్మి విత్తనము చల్లవలెను. చినుకు తప్పినచో బోరుబావిని నమ్మవలెను. బోరు వేయుటకు డబ్బు కావలెను. మెట్టరైతు ఇంట తక్షణము డబ్బుగా మారగల వస్తువు ఒక్కటియే: ఇల్లాలి మెడలోని బంగారము.

ఆ బంగారము ఇల్లు దాటు తీరును ఈ సీమవారెల్లరు ఎరుగుదురు. మొదటి యేడు విత్తనములకని గొలుసు బ్యాంకునకు పోవును. పంట చేతికి వచ్చినపుడు విడిపించుకొందురు. రెండవయేడు బోరుకని హారమును, గాజులును పోవును. కొన్నివందల అడుగులు త్రవ్వినను నీరు పడకున్నచో ఆ బంగారము ఎఱ్ఱమట్టిలో కలిసిపోయినట్లే. వడ్డీ కట్టలేనపుడు వేలము నోటీసు వచ్చును. తాకట్టు చీటి సామాన్యముగా భర్త పేరిటనో మామ పేరిటనో ఉండును. ఇదంతయు కాపురము చల్లగానున్న దినములలో జరుగును. ఇచ్చునపుడు ఆమె ఏడ్వదు. “మన పొలమే కదా, మన పంటయే కదా” అనుకొనును. ఆ మాటలోని ‘మన’ నిలిచియున్నంతకాలము లెక్క అక్కరలేదు.

ఆ ‘మన’ పగిలిననాడు లెక్క మొదలగును. అలుమగలకు పొసగక ఆమె పుట్టింటికి చేరును. పెద్దలు రచ్చకట్టపై కూర్చుందురు. పుట్టింటివారు ఇరువది తులములందురు, అత్తింటివారు పండ్రెండందురు. “తాకట్టుపెట్టినది ఆమె మాటపైననే” అని ఒకరు, “విడిపించి ఇత్తుమని చెప్పినది మీరే” అని వేరొకరు. వరునికి పెట్టిన గొలుసు, ఉంగరము, మోటారు సైకిలు మాట వచ్చును. చీరలు, బీరువా, మంచము, ఇత్తడి సామాను వాకిట పడును. ఆ కలహములో పైకి వినబడు ప్రశ్న “ఎన్ని తులములు?” అనునది. దానికి క్రింద దాగియున్న అసలు ప్రశ్న వేరు: కరువులో కరగిపోయిన సొమ్ము ఇంకను ఆమె సొమ్మేనా?

స్మృతులు చెప్పినది

ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి స్త్రీధనమును గూర్చి స్పష్టముగా పలికినది. తండ్రి, తల్లి, భర్త, సోదరుడు ఇచ్చినది, వివాహాగ్ని యెదుట ఇచ్చినది, బంధువులిచ్చినది అన్నియు స్త్రీధనములే. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణీ చాళుక్యుల కాలమున మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. ఆ వ్యాఖ్యయే దేశమున పెక్కుభాగములందు హిందూధర్మశాస్త్రమునకు ఆధారమయ్యెను. పదుమూడవ శతాబ్దిలో తిక్కనకు తన దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన మూలఘటిక కేతన ఆ శాస్త్రమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. న్యాయశాస్త్రము తెలుగువానికి తెలుగులోనే అందవలెనను తలంపు అంత పాతది.

ఆ స్మృతిలోనే ఒక మినహాయింపు గలదు. కరవు వచ్చినపుడు, తప్పనిసరియైన ధర్మకార్యమునందు, వ్యాధిలో, నిర్బంధమున చిక్కినపుడు భర్త తీసికొన్న స్త్రీధనమును మరల ఈయనక్కరలేదని దాని భావము. తక్కిన వేళల తీసికొన్నది ఈయవలసినదే. ఆ నాలుగు సందర్భములలో మొదటిదే కరవు.

నీరు పుష్కలముగానున్న సీమలో అది అరుదైన మినహాయింపు కావచ్చును. రాయలసీమలో అట్లు కాదు. 1876 మొదలు 1878 వరకు సాగిన ధాతకరవులో కర్నూలు, కడప జిల్లాలు నలిగిపోయినవి. 1871 జనగణనకును 1881 జనగణనకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవవంతు తగ్గిపోయెను. అట్టి కాలమున మెడలోని సొమ్ము నోటిలోని గింజగా మారుటను తప్పుపట్టగలవాడెవ్వడు? కాని కరవు మాటిమాటికి వచ్చుచోట ఆ మినహాయింపే నియమమైనచో స్త్రీకి ఇక మిగులునది ఏమి? ప్రతి ఎండకారును కరవే యనుకొన్నచో ప్రతి నగయు భర్తదే యగును. ఈ సీమకు ఆ పాతవిధి ఎంత సమీపమో అంత ప్రమాదము.

శాస్త్రమట్లుండగా, కులకట్టుబాట్లు మరియొక దారిన నడిచినవి. దక్షిణదేశపు కులములను గూర్చి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన సంపుటములలో ఓలి ప్రసక్తి పలుతావుల కనబడును. ఓలి యనగా వరుని వైపువారు కన్యవైపువారికి ఇచ్చు ధనము. కొన్ని కులములలో భార్య వేరొకనిని మారుమనువు చేసికొన్నచో, మొదటి భర్త పెండ్లికి పెట్టిన ఖర్చును రెండవవాడు చెల్లించు వాడుక ఉండెడిది. కులపెద్దలు కూర్చుండి లెక్కతేల్చి, ఎవరిది వారికి ఇప్పించి, తెగదెంపులు చేసెడివారు. 1955 నాటి హిందూవివాహచట్టము సహితము ఆచారసిద్ధమైన విడాకులను కొట్టివేయలేదు. ఆ పద్ధతిలో ఒక మంచియు, ఒక కొరతయు గలవు. తెగిన సంబంధమునకు లెక్క తేల్చుట మంచి. ఆ లెక్కయంతయు మగవారి నడుమనే జరిగి, ఆమె చేతికి ఏమియు రాకుండుట కొరత.

చట్టము నడచిన దారి

వరకట్నమును నిషేధించుటలో ఆంధ్రదేశము కేంద్రముకంటె ముందడుగు వేసినది. 1958లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ వరకట్న నిషేధచట్టమును చేసెను. 1961లో దేశమంతటికి వర్తించు చట్టము వచ్చినపుడు, ఈ చట్టమును బీహారు వారి 1950 నాటి చట్టమును అందులో లీనమై రద్దయినవి. దీనికి నడుమ 1956లో హిందూ వారసత్వచట్టపు 14వ సెక్షను, వివాహమునకు ముందు గాని, వివాహసమయమున గాని, పిమ్మట గాని కానుకగా వచ్చిన ఆస్తిపై స్త్రీకి సంపూర్ణాధికారమిచ్చెను.

1961 నాటి చట్టములో అందరు ఎరిగిన భాగము కట్నమడిగిన వారికి శిక్ష విధించునది. అంతగా ఎరుగనిది 6వ సెక్షను. కట్నముగా వచ్చినది ఎవరి చేతిలోనున్నను అది వధువు మేలుకొరకు వారి చేతిలోనున్న న్యాసము వంటిది. దానిని మూడునెలలలో ఆమెకు అప్పగింపవలెను. అప్పగింపనివారికి ఆరునెలలు మొదలు రెండేండ్ల వరకు ఖైదు గాని, ఐదువేలనుండి పదివేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని పడవచ్చును. పెండ్లియైన ఏడేండ్లలోపల అసహజకారణమున ఆమె మరణించినచో ఆ ఆస్తి ఆమె సంతానమునకు, సంతానము లేనిచో ఆమె తల్లిదండ్రులకు చెందును.

1985లో కానుకల పట్టికకు సంబంధించిన నియమములు వచ్చినవి. అడుగకయే ప్రేమతో ఇచ్చిన కానుకలు కట్నము క్రిందకు రావు. కాని వానికి పట్టిక ఉండవలెను. వధువు కానుకల పట్టిక వధువుకడ, వరుని కానుకల పట్టిక వరునికడ ఉండవలెను. వస్తువేదో, దాని ఇంచుమించు విలువయెంతో, ఇచ్చినదెవరో, ఇచ్చినవారు ఏమగుదురో వ్రాయవలెను. వధూవరులిరువురును సంతకము చేయవలెను. పెండ్లినాడే గాని, పిమ్మట వీలైనంత త్వరగా గాని ఇది జరుగవలెను. అడిగి పుచ్చుకొన్న కట్నమును ఈ పట్టిక పవిత్రము చేయజాలదు. అడుగుట ఎప్పటికిని నేరమే.

న్యాయస్థానములు పలికినది

పట్టిక లేనిచోట న్యాయస్థానములకు పని పడినది. కాపురము చేసినంతకాలము ఇంటిలోని సొత్తంతయు ఉమ్మడిదే గనుక, దానిని దిగమింగుట నేరము కాదని పూర్వము ఒక వాదము బలముగా నుండెడిది. 1985 మార్చి 12న సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో ఆ వాదమును త్రోసిపుచ్చెను. ముగ్గురు న్యాయమూర్తులలో ఇరువురి పక్షమున జస్టిస్ ఫజల్ అలీ తీర్పు వ్రాసెను. జస్టిస్ వరదరాజన్ విభేదించెను. స్త్రీధనము అత్తింటి గడప దాటినంతమాత్రమున ఉమ్మడి కాదు. అది భర్తచేత ఆమె నమ్మియుంచిన సొత్తు. అడిగినపుడు ఈయకుండుట నమ్మకద్రోహమగు నేరము. ఇది ఆ తీర్పు సారము. దాదాపు పుష్కరకాలమునకు ముగ్గురు న్యాయమూర్తుల పీఠము దానినే స్థిరపరచెను.

మెట్టసీమకు మిక్కిలి చేరువైన మాట 2024 ఏప్రిల్ 24 నాటి తీర్పులో గలదు. అది కేరళమునుండి వచ్చిన వ్యాజ్యము. పెండ్లినాటి రాత్రియే భద్రపరచుటకని భర్త భార్య నగలన్నియు తీసికొని తన తల్లికి అప్పగించెనని ఆరోపణ. 89 సవర్ల బంగారము. కుటుంబ న్యాయస్థానము భార్యపక్షమున తీర్పుచెప్పగా హైకోర్టు సాక్ష్యము చాలదని కొట్టివేసెను. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును త్రోసి, ఆమెకు 25 లక్షల రూపాయలు ఇప్పించెను. అట్టి వ్యాజ్యములలో నేరవిచారణలో వలె సందేహలేశము లేని రుజువు అక్కరలేదు. ఏది జరిగియుండుటకు ఎక్కువ అవకాశము గలదో తూచి చూచిన చాలునని చెప్పెను. కష్టకాలమున భర్త స్త్రీధనమును వాడుకొనవచ్చును గాని, దానినో దాని విలువనో ఆమెకు తిరిగి ఇచ్చుట అతని నైతికబాధ్యత యని పూర్వపు తీర్పుల మాటను మరల నుడివెను.

యాజ్ఞవల్క్యుని కరవు మినహాయింపుతో ఈ వాక్యమును ప్రక్కప్రక్కన నిలిపి చూచిన యెడల, నడుమ గడచిన కాలము ఎంత మార్పు తెచ్చినదో తెలియును. నాడు కరవు ఋణమును తుడిచివేసెడిది. నేడు కరవు వాడుకను మాత్రమే ఒప్పుకొనును. ఋణము నిలిచియే యుండును. కరవు సొమ్మును కరగింపవచ్చును గాని, సొంతదారును మార్చదు.

అదే సంవత్సరము ఆగస్టు 29న తెలుగుకుటుంబమునకు సంబంధించిన మరియొక వ్యాజ్యమున తీర్పు వెలువడెను. అది తెలంగాణమునుండి పోయినది. 1999లో పెండ్లి; దంపతులు అమెరికాలో కాపురముండి 2016లో అచ్చటనే విడాకులు పొందిరి; ఆమె 2018లో మరల వివాహమాడెను. 2021లో ఆమె తండ్రి, తాను పెట్టిన బంగారమును ఇప్పింపవలెనని మాజీ వియ్యాలవారిపై ఫిర్యాదు చేసెను. సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసెను. స్త్రీధనము స్త్రీకి మాత్రమే చెందినది. ఆమె బ్రతికియుండి, తన మేలు తాను చూచుకొనగలిగినపుడు, ఆమె అధికారమీయనిదే తండ్రికైనను దానిని అడుగు హక్కు లేదనెను. కష్టించి కొనిపెట్టిన తండ్రికి ఈ మాట కటువుగా వినబడవచ్చును. కాని ఆలోచించినచో కుమార్తె హక్కునకు ఇంతకంటె గట్టి నిర్ధారణ వేరొకటి లేదు. భర్తది కాదని చెప్పి తండ్రిదన్నచో అది ఆమెది ఎన్నటికిని కానేరదు గదా! రచ్చకట్టపై మగవారు తమలో తాము తేల్చుకొనిన పాతలెక్కకు ఇది సమాధానము.

కర్నూలు, కడప పట్టణములలో ముస్లిము కుటుంబములు తరతరములుగా పెద్దసంఖ్యలో నివసించుచున్నవి. వారి వివాహమున మహరు వధువు హక్కు. నిఖానాడే అది వ్రాతలోనికెక్కును. 1986 నాటి చట్టపు 3వ సెక్షను విడాకులు పొందిన ముస్లిము స్త్రీకి మహరును మాత్రమే గాక, పెండ్లికి ముందును, పెండ్లినాడును, పిమ్మటను ఆమెకు బంధుమిత్రులును, భర్తయు, అతనివారును ఇచ్చిన వస్తువులన్నిటిని ఇప్పించుచున్నది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సెక్షను క్రిందనే బెంగాలునుండి వచ్చిన వ్యాజ్యమును తేల్చి, ఆమె తండ్రి ఇచ్చిన ధనమును, బంగారమును ఆమెకు ఇప్పించెను. అందును వివాదము పెండ్లిరిజిస్టరులోని వ్రాతచుట్టునే తిరిగినది. మతమేదైనను, న్యాయము చివరకు వెదకునది ఒక కాగితమునే.

భూమి విషయమున ఈ సంగతి తెలుగువారికి పూర్వమే అనుభవమునకు వచ్చినది. కూతురికి పసుపుకుంకుమల క్రింద పొలమిచ్చు ఆచారము గలదు. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము ప్రకారము స్థిరాస్తిని దానమిచ్చుటకు ఇరువురు సాక్షులతో రిజిస్టరైన పత్రముండవలెను. నోటిమాటగా ఇచ్చిన పసుపుకుంకుమ భూములపై వ్యాజ్యములు హైకోర్టు వరకు పోయినవి. ఆ దెబ్బలు తిని జనులు భూమికి కాగితము వ్రాయించుట నేర్చిరి. బంగారమునకు ఇంకను నేర్వలేదు.

పెండ్లికి ముందే తెగినచో

నిశ్చితార్థమై, ఉంగరములు మార్చుకొని, చీరలు పెట్టిన పిమ్మట సంబంధము తప్పిపోవుట కూడ కద్దు. కన్యను ఇత్తునని మాటయిచ్చి కారణము లేక తప్పినవాడు వరునికైన వ్యయమును వడ్డీతో ఈయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. నేటి ఆస్తిబదిలీ చట్టము ఒకసారి ఇచ్చిన దానమును దాత తన ఇష్టము వచ్చినట్లు మరల్చుకొనరాదనును. దాత ఇష్టముపై ఆధారపడని ఒక సంఘటన జరిగినచో దానము రద్దగునని ఇరువురును ముందే ఒడంబడినపుడు మాత్రము మరల్చవచ్చుననును. ఇచ్చటను ప్రశ్న అదే: ఆ ఒడంబడికకు సాక్ష్యమేది?

ఇతరదేశములందును ఈ చిక్కు తీరలేదు. ఇంగ్లండులో 1970 నాటి చట్టము నిశ్చితార్థపు ఉంగరమును సంపూర్ణదానముగా ఎంచును. పెండ్లి జరుగకున్న తిరిగి ఈయవలెనను షరతు ఉండెనని రుజువైనచో తప్ప అది ఆమెదే. అమెరికాలోని మసాచుసెట్సు ఉన్నతన్యాయస్థానము 2024 నవంబరులో దీనికి మారుగా పలికెను. 70,000 డాలర్ల ఉంగరమును గూర్చిన తగవు అది. సంబంధము తెగుటకు తప్పెవరిదో విచారింపనక్కరలేదు. పెండ్లి జరుగలేదు గనుక ఉంగరము ఇచ్చినవానికి చెందవలెనని నిర్ణయించెను. ఒక చోట ఆమెది, వేరొక చోట అతనిది. విదేశములందు కాపురముండు తెలుగుబిడ్డలు దేశము మారినపుడు న్యాయమును మారునని ఎరిగియుండుట మేలు.

పుస్తకములో ఇంకొక పుట

కానుకల పట్టిక భార్యకు మాత్రమే రక్ష యనుకొనరాదు. పండ్రెండు తులములను ఇరువదియని చెప్పువారు లేకపోలేదు. వరునివైపువారు వధువునకు పెట్టిన నగలును, వరునికి అతని బంధువులు పెట్టిన కానుకలును తగవులో కలగాపులగమై పోవుట కలదు. ఉన్నదున్నట్లు వ్రాసిన కాగితము నిజము చెప్పువారిని ఇరువైపులను కాపాడును. బంగారము కొన్న అంగడి రసీదు, పెండ్లినాటి చిత్రములు, తాకట్టు చీటి, ఏనాడు ఎందుకు తాకట్టు పెట్టిరో రెండు పంక్తుల వ్రాత, ఇవి దాచుకొన్నవారికి ఏండ్ల విచారణ తప్పవచ్చును. అన్యోన్యముగానున్న దినముననే భర్త “ఇన్ని తులములు బోరుకొరకు తీసికొంటిని” అని వ్రాసియిచ్చుట అనుమానమునకు గుర్తు కాదు, గౌరవమునకు గుర్తు.

వ్రాత లేకపోయినను దారులు మూసికొనిపోలేదు. 1984 నాటి చట్టముచే ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములు దంపతుల ఆస్తితగవులను విచారించును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేక ఏ స్త్రీకైనను ఉచితముగా న్యాయసహాయము లభించును. కర్నూలు, కడప జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు ఒక అర్జీ పెట్టుకొనిన చాలును. లోక్ అదాలతులో ఇరువురును రాజీపడినచో ఆ నిర్ణయమునకు కోర్టు డిక్రీతో సమానమైన బలముండును. రచ్చకట్టలోని మంచి అందు నిలిచియున్నది. ఆ పాతకొరతయు తీరును, ఏలయన ఆమె అచ్చట తన మాట తాను చెప్పుకొనును.

1985 నాటి నియమములలో ఒక చిన్న వివరణ గలదు. వధువునకు గాని, వరునికి గాని సంతకము చేయుట రాకున్నచో, పట్టికను వారికి చదివి వినిపించి వ్రేలిముద్ర వేయింపవలెను. అట్లు చదివి వినిపించినవారు కూడ దానిపై సంతకము చేయవలెను. ఎక్కడనో ఢిల్లీలో కూర్చుండి ఆ నియమము వ్రాసినవారికి రాయలసీమ పెండ్లిపందిరి తెలిసియుండదు. ఐనను వారు కోరినది చదివింపునే!

పల్లె పెండ్లిలో ఆ బల్లవెనుక కూర్చుండువాడు పెక్కుసార్లు ఊరి బడిపంతులు. లేదా చేతివ్రాత బాగుగానున్న ఉన్నతపాఠశాల విద్యార్థి. పేరు తప్పుపడకుండ వ్రాయగలడని, లెక్క పొల్లుపోనీయడని ఊరు అతనిని నమ్మును. ఐదువందల పదహార్లు వ్రాయు ఆ చేయియే, అదే నోటుపుస్తకములో ఇంకొక పుట తిప్పి, పెండ్లికూతురి కాసులపేరు ఇన్ని తులములు, పెట్టినది తల్లి యని వ్రాసి, పదిమంది యెదుట చదివి, వధూవరులచేత సంతకము చేయించుటకు ఎంతసేపు పట్టును? తాళికట్టిన పిమ్మట అక్షింతలు ఆరునంతసేపు. ఆ పుటను ఎన్నటికిని తెరువవలసిన అవసరము రాకుండుగాక యని అందరును దీవింపవచ్చును. వచ్చిననాడు మాత్రము ఆ సొమ్ము ఎవరిదో ఆ పుటయే చెప్పును.